కప్‌కేక్ ఒక్కటి 160 రూపాయలా? అంత విషయం ఉందా అందులో?

తీపిలెక్క (ప్రశ్న):
మే రెండో వారంలో పుట్టినరోజు. పిల్లలు 25 మంది, పెద్దలు 15 మంది, మొత్తం 40 కప్‌కేకులు కావాలి. హైదరాబాద్‌లో మూడు చోట్ల అడిగితే మూడు ధరలు చెప్పారు. కాలనీ బేకరీలో 40 రూపాయలు, ఇంట్లో చేసి అమ్మే ఒకావిడ దగ్గర 95, ‘గోర్మే’ అని బోర్డు పెట్టుకున్న షాపులో 160. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పైన క్రీమ్ ఎత్తు తప్ప వేరే తేడా కనిపించడం లేదు. 40కీ 95కీ మధ్య ఏముంది? 95కీ 160కీ మధ్య ఏముంది? ఆర్డర్ ఇచ్చేముందు ఏమేం అడగాలి? హాల్లో ఏసీ ఉంది కానీ కారులో 45 నిమిషాల ప్రయాణం.

ఓటీజీ_ఓబులేశు:
40కీ 95కీ మధ్య ఉన్నది వెన్న, మనిషి చేతిపని. 95కీ 160కీ మధ్య ఉన్నది ఎక్కువగా అద్దె. లెక్క వేసి చూపిస్తాను, ధరలు చిల్లర కొట్టువి, ఉజ్జాయింపుగా.

12 కప్‌కేకులకి మైదా 160 గ్రాములు, పంచదార 150, ఉప్పులేని వెన్న 110, గుడ్లు 2, పాలు 100 మి.లీ., బేకింగ్ పౌడర్ టీస్పూనున్నర, కాస్త వెనిలా. వెన్న అరకిలో 300 అనుకుంటే అదొక్కటే 66 రూపాయలు. మిగతావన్నీ కలిపినా 50 దాటవు. అంటే కింద కేకుకి పది రూపాయలు. 175 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు కాలుతుంది.

అసలు ఖర్చు పైనే ఉంటుంది. స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ (తెల్లసొన, పంచదార గిలక్కొట్టి వెన్న కలిపే క్రీమ్)కి 4 తెల్లసొనలు, 200 గ్రాముల పంచదార, 250 గ్రాముల వెన్న పడుతుంది. దాదాపు 190 రూపాయలు, 12తో భాగిస్తే పదహారు. కాగితం కప్పు, అట్టపెట్టె కలిపి ఇంకో 9. మొత్తం సరుకు 35.

కాలనీ బేకరీలో సాధారణంగా ప్రీమిక్స్ (ముందే కలిపి అమ్మే కేకు పొడి), నూనె, నీళ్లు. పైన వెన్న కాదు, ప్యాకెట్ విప్పింగ్ క్రీమ్. అది కిలో 200 చుట్టుపక్కల దొరుకుతుంది, గిలక్కొడితే మూడు నాలుగు రెట్లు పొంగుతుంది, ఒక్కో దాని మీద పడేది పాతిక గ్రాములు. అంటే ఐదు రూపాయలు. అంత ఎత్తున నిలబడ్డ క్రీమ్ చూసి ఖరీదైనదనుకుంటాం గానీ అందులో సగానికి పైగా గాలే.

ఇక చేతిపని. ఇంటి ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, 40 అంటే నాలుగు వాయిలు. కొలవడం, కలపడం, కాల్చడం, చల్లార్చడం, క్రీమ్ పెట్టడం, జిడ్డు గిన్నెలు తోమడం, అన్నీ కలిపి ఆరు గంటలకి తక్కువ కాదు. గంటకి 200 కూలి కట్టినా ఒక్కోదానికి 30. కరెంటు, చెడిపోయినవి 5. అక్కడికే 70 అయింది. 95 న్యాయమైన ధర. అందులో బేరమాడకండి.

160 దగ్గర మాత్రం ఆడండి. ఆ ధరలో షాపు అద్దె, షోకేస్ ఏసీ, సాయంత్రానికి మిగిలిపోయి పారేసే సరుకు ఉన్నాయి. డెలివరీ యాప్ కమిషన్ పావు వంతు అనుకుంటే అదే 40 రూపాయలు. నేరుగా ఫోన్ చేసి 40 కప్‌కేకులు చెబితే ఆ కమిషన్ వాళ్లకి పడదు కదా. ఇంకోటి, కేకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతం. బిల్లులో అది ఎలా వేస్తున్నారో చూడండి.

గరిటెకాడ:
ఓబులేశు గారి లెక్క సరే గానీ, 95 తీసుకుంటూ ప్యాకెట్ క్రీమే వాడేవాళ్లూ ఉన్నారు, 160 తీసుకుని అదే వాడేవాళ్లూ ఉన్నారు. ధర చూసి పదార్థం తెలియదు. నమూనాకి ఒకటి కొని చూడాలి.

క్రీమ్ ఒక్కటే కొంచెం నాలుక మీద పెట్టుకుని పది క్షణాలు ఆగండి. వెన్న 32–35 డిగ్రీల్లో కరుగుతుంది, నోట్లో పూర్తిగా మాయమవుతుంది. ప్యాకెట్ క్రీమ్‌లో ఉండేది ఎక్కువగా గట్టిపరిచిన పామ్ కెర్నెల్ నూనె. తేలిగ్గా, దూదిలా అనిపిస్తుంది గానీ చివర్లో అంగిలికి మైనం పూసినట్టు ఒక పొర మిగులుతుంది. మంచినీళ్లు తాగినా పోకపోతే అదే. రంగు కూడా చెబుతుంది. వెన్న క్రీమ్ ఎంత గిలక్కొట్టినా కాస్త పసుపు ఛాయ ఉంటుంది. రంగేమీ కలపకుండానే పాలలా తెల్లగా ఉంటే అనుమానించండి.

చాక్లెట్ అయితే కాంపౌండా, కూవర్చరా (కోకో బటర్ ఎక్కువున్న నిజం చాక్లెట్) అని అడగండి. చెప్పకపోతే ప్యాకెట్ ఫొటో పంపమనండి. పదార్థాల జాబితాలో కోకో బటర్ ఉంటే నిజం చాక్లెట్, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే కాంపౌండ్. ధరలో రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది.

ఎక్కువ మోసపోయేది రెడ్ వెల్వెట్ అనే ఎర్ర కేకులో. దాని మీద పెట్టే నిజం క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ (పై పూత) కొంచెం పులుపుగా, మెత్తగా ఉంటుంది. నాజిల్‌తో (క్రీమ్ పిండే గొట్టంతో) తిప్పినా అంచులు పదునుగా రావు, ఎత్తుగా నిలవదు. మూడంగుళాల గోపురంలా గీతలు తేలి నిలబడితే అది చీజ్ ఫ్లేవర్ వేసిన ప్యాకెట్ క్రీమే. పై పటారం లోన లొటారం.

కేకు, క్రీమ్ పాళ్లు కూడా అడగండి. 45–50 గ్రాముల కేకు మీద 30 గ్రాముల క్రీమ్ సరిపోతుంది. ఫొటోల్లో మెరిసే ‘గోర్మే’ వాటిలో కేకు కంటే క్రీమే బరువు. పిల్లలు పైది నాకేసి కిందది బల్ల మీద వదిలేస్తారు, మీరు దానికీ డబ్బు కట్టినట్టే.

ఎడిసన్_ఎలమంద:
ఈ కప్‌కేక్ మోజు పుట్టిన ఊరి పక్కనుంచి నాలుగు మాటలు. న్యూయార్క్ బ్లీకర్ వీధిలో మాగ్నోలియా బేకరీ 1996లో తెరిచారు. 2000లో ఒక టీవీ సీరియల్‌లో ఇద్దరు హీరోయిన్లు ఆ షాపు ముందు కూర్చుని కప్‌కేక్ తిన్న సీన్ వచ్చాక వీధి చివరిదాకా క్యూలు. 2005లో కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో స్ప్రింకిల్స్ అనే షాపు కేవలం కప్‌కేకులే అమ్ముతూ మొదలైంది, 2012లో అక్కడే ఏటీఎం లాంటి కప్‌కేక్ యంత్రం పెట్టింది. క్రంబ్స్ అనే గొలుసు షాపు 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కి ఎక్కి, 2014 జులైలో ఒక్కసారిగా షాపులన్నీ మూసేసింది. తర్వాత కొత్తవాళ్లు కొన్ని తెరిచినా పాత ఊపు రాలేదు.

పడిపోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఒకే సరుకు, ఖరీదైన వీధుల్లో అద్దెలు, రోజూ తినే వస్తువు కాకపోవడం. పైగా ఎవరైనా ఇంట్లో చేసుకోగలరు. మాగ్నోలియా నిలబడిందంటే బనానా పుడ్డింగ్ లాంటివి పక్కన ఉండబట్టి. ఇండియాలో 160 వెనకా ఇదే లెక్క. అది వీధి ధర, కేకు ధర కాదు.

నా మాట వింటే 40 కప్‌కేకులే వద్దు. పెద్దలకి కిలోన్నర కేకు, పిల్లలకి మినీ కప్‌కేకులు. మినీ ఒక్కోటి 20 గ్రాముల పిండితో 10–12 నిమిషాల్లో కాలుతుంది, పిల్లలు పూర్తిగా తింటారు.

ఓటీజీ_ఓబులేశు:
ఎలమంద గారూ, మినీలతో ఒక చిక్కు. చిన్నది కాబట్టి అంచు ఎక్కువ, లోపల తక్కువ. రెండు నిమిషాలు ఎక్కువైతే రస్కే. ముందురోజు చేసి పెడితే ఇంకా తొందరగా ఎండుతుంది. ఆ రోజు ఉదయం కాల్చేవాళ్లయితేనే మినీ చెప్పాలి.

అటుకులడబ్బా:
ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు, మేలో అసలు సమస్య అదే. 28 డిగ్రీలు దాటితే వెన్న క్రీమ్ జారడం మొదలవుతుంది. నాజిల్ గీతలు ముందు మొండిబారతాయి, తర్వాత మొత్తం పక్కకి ఒరుగుతుంది. చేసేవాళ్లకి రెండు దారులున్నాయి. బటర్‌క్రీమ్‌లో కరిగించి చల్లార్చిన వైట్ చాక్లెట్ కలపడం ఒకటి. లేదా డార్క్ చాక్లెట్ రెండు పాళ్లు, క్రీమ్ ఒక పాలు వేసిన గనాష్. నాకు గనాషే నమ్మకం.

ప్రయాణానికి కప్‌కేకులని పెట్టెతో సహా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టించండి. పెట్టె కారు సీటు మీద వద్దు, సీటు వాలుగా ఉంటుంది. కాళ్ల దగ్గర చదునైన చోట పెట్టి ఏసీ ఫుల్‌లో వేయండి. హాలుకి చేరగానే మూత తీయకండి. చల్లటి క్రీమ్ మీద గాలిలో తేమ చెమటలా పడుతుంది, ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మల రంగులు కారతాయి. అరగంట మూత పెట్టే ఉంచితే ఆ చెమట పెట్టెకి పడుతుంది. ఆ అరగంటలో లోపలి కేకు కూడా మెత్తబడుతుంది. వెన్న కేకు ఫ్రిజ్ లోంచి తీయగానే తింటే రాయిలా ఉంటుంది, దాన్ని ‘పాతది’ అని తిట్టుకుంటాం.

కాగితం కప్పు ఊడి రావడానికి కారణం కూడా ఆవిరే. వేడిగా ఉండగానే పెట్టెలో సర్దినా, ట్రేలోనే వదిలేసినా ఆవిరి కాగితం కింద చేరి జిగురు వదిలేస్తుంది. కాల్చాక ఐదు నిమిషాల్లో గాలి ఆడే తీగల జాలీ మీదకి మార్చాలి. మీరు వెళ్లి తెచ్చుకునేటప్పుడు పెట్టె అడుగు చెయ్యితో చూడండి, వెచ్చగా ఉంటే తీసుకోకండి.

తీపిలెక్క:
అందరికీ ధన్యవాదాలండీ. 95 ఆవిడ దగ్గర రేపు ఒకటి తెచ్చి నాలుక పరీక్ష చేస్తాను. ఇంకొక్కటి. మా ఇంట్లో పదిమంది గుడ్డు తినరు. ఎగ్‌లెస్‌కి ఆవిడ 15 అదనంగా అడుగుతున్నారు. సబబేనా?

గరిటెకాడ:
సరుకు పరంగా కాదు. పెరుగు 250 గ్రాములు, పంచదార 150, నూనె 110 మి.లీ., మైదా 190, బేకింగ్ పౌడర్ టీస్పూనుంపావు, వంటసోడా అర టీస్పూను. 14 వస్తాయి, వెన్న లేదు కాబట్టి గుడ్డు కేకు కంటే చవక. కాకపోతే దానికి విడిగా వాయి వేయాలి. సోడా పెరుగులో పడ్డాక పది నిమిషాల్లో ఓవెన్‌లోకి వెళ్లకపోతే గాలి పోయి అడుగున ముద్ద కడుతుంది. ఆ విడి వాయికి 15 అడిగితే ఇవ్వండి. కానీ స్విస్ మెరింగ్‌లో తెల్లసొన ఉంటుంది, అది మర్చిపోకండి. కింద ఎగ్‌లెస్ చేసి పైన అదే క్రీమ్ పెట్టి ఇచ్చేస్తారు. ఆ పదింటికి గనాష్ అని రాసి పంపండి, వేరే రంగు కాగితం కప్పులో పెట్టమనండి.