కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర క్రిస్మస్ భోజనాలు: చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ వందనాలు. మాది విశాఖలో గాజువాక. డిసెంబరు వచ్చిందంటే మా సంఘంలో సెమీ క్రిస్మస్ హడావుడే: స్టేజీ, సౌండ్ బాక్సులు, కేకు, ఫ్లెక్సీ నిండా పెద్దల ముఖాలు. తప్పని అనను, నాకూ క్యారల్స్ అంటే ప్రాణం. కానీ విందు చేస్తే బీదలను, కుంటివారిని, గుడ్డివారిని పిలవమని లూకా 14:13లో ప్రభువు చెప్పాడు. మనమేమో మనలో మనమే కేకు తినిపించుకుంటున్నాం.

ఈసారి యూత్ అంతా కలిసి 24 రాత్రి కేజీహెచ్ దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం పెడదామనుకుంటున్నాం. శ్రీకాకుళం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చి, స్కానింగ్ రిపోర్టుల కవరు తలకింద పెట్టుకుని ఆరుబయట పడుకునేవాళ్లు ఉంటారు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పర్మిషన్ సూపరింటెండెంట్ ఆఫీసులో అడిగితే చాలా, గేటు బయటైతే పోలీసులకూ చెప్పాలా? బిర్యానీ కంటే పులిహోర, పెరుగన్నం మేలా? ఆ చలికి అసలు దుప్పట్లే ఎక్కువ అవసరమా?

ఇంకో గొడవ. అన్నంతోపాటు కరపత్రాలు పంచుదామని కొందరు అంటున్నారు. ఆకలితో ఉన్నవాడి చేతిలో ముందు ప్లేటు పెడదాం, ఎందుకు చేస్తున్నారని అడిగితే అప్పుడు చెబుదాం అన్నది నా మాట. దానికైనా సగంమంది సరే అన్నారుగానీ, ఫొటోలు వద్దంటే ఒక్కరూ ఒప్పుకోవట్లేదు! మీ సంఘాల్లో ఇది ఎలా తేల్చుకున్నారు?