పైకప్పు నిలుస్తుందో లేదో చెప్పాల్సింది ఆర్‌ఎంఆర్ లెక్కా, సర్దార్ కడ్డీనా?

కొత్తసర్దార్:
మైనింగ్ సర్దార్ (షిఫ్ట్‌లో గనిలో ఒక భాగం భద్రత చూసేవాడు) సర్టిఫికెట్ ఈమధ్యే వచ్చింది. మా డిస్ట్రిక్ట్ (గనిలో నేను చూసే భాగం) పైకప్పుకి ఆర్‌ఎంఆర్ 52 అని రిపోర్టు ఉంది. (తెలియనివాళ్ల కోసం: బండ ఎంత నమ్మదగిందో చెప్పడానికి వందకి వేసే మార్కులు.) 40 నుంచి 60 అంటే ఫెయిర్, అంటే పర్వాలేదని. పైకప్పు పొరల్ని పట్టి ఉంచే బోల్టుల వరసలు ఆ లెక్కతోనే వేశారు. నాకేమో దారులు కలిసే ఒక జంక్షన్‌లో కడ్డీతో కొడితే బోలుగా వినబడుతోంది. ఓవర్‌మెన్‌కి (నా పైఅధికారికి) చెబితే "రిపోర్టు ఫెయిర్ అంటుంటే నువ్వు కాదంటావేంటి" అన్నాడు. ఎవరి మాట నిలవాలి?

రాతి_లెక్కలు:
ముందు ఆ జంక్షన్ కింద నుంచి మనుషుల్ని తీసేసి కంచె కట్టించండి. ప్రమాదం అనిపిస్తే మనుషుల్ని బయటికి పంపే అధికారం మీకు రెగ్యులేషన్లే ఇచ్చాయి. ఏ రిపోర్టూ దాన్ని లాక్కోలేదు. వాదన తర్వాత.

ఇక లెక్క సంగతి. నేను ధన్‌బాద్‌లో స్ట్రాటా కంట్రోల్ (గని పైకప్పు కూలకుండా నిలపడం) మీద పరిశోధన చేస్తున్నాను. ఆర్‌ఎంఆర్‌ని గాల్లోంచి తీయరు. పొర మందానికి 30 మార్కులు, పగుళ్లు, స్లిప్పులు (బండ జారే చీలికలు) వగైరాలకి 25, తడి తగిలితే బండ ఎంత చెడుతుందన్నదానికి 20, రాతి బలానికి 15, నీటి ఊటకి 10. గమనించారా, రాతి బలానికి దక్కింది 15 మాత్రమే. పొరలు పలచగా ఉండి విడిపోయే బండ ఎంత గట్టిదైనా మార్కులు పడిపోతాయి. మీ కడ్డీ పట్టేదీ ఆ విడిపోవడాన్నే. రెండింటికీ గొడవ ఎక్కడుంది?

1990లో బొగ్గు గనుల పైకప్పు ఆధారాల మీద వేసిన పాల్ కమిటీ రూఫ్ బోల్టునే ప్రధాన ఆధారంగా వాడమని చెప్పింది. బోల్టులు ఎన్ని, ఎంత దూరంలో అన్నది అనుభవంతో తేల్చే విషయం కాదు. బోల్టులు మోయాల్సిన బండ బరువు తెలియాలి, దానికి లెక్క కావాలి.

మూడోషిఫ్ట్:
మేడం, మార్కులు మంచిగనే చెప్పిన్రు. ఒక్కటే అడుగుత. ఆ 52 ఏ గ్యాలరీల (గని లోపటి తొవ్వల) కొలిచిన్రు, ఏ నెలల కొలిచిన్రు?

నేను బొగ్గుబాయిలనే ముసలోన్నయిన. ఎండకాలంల కొలిస్తె బండకు మార్కులు మస్తుగ వస్తయి. వానలు పడ్డంక పైగాలితోని తడి లోపటికి దిగుతది, మే నెల అప్పడం జూలైల మెత్తబడ్డట్టు క్లే పొర మెత్తబడుతది. కాయితం మీద మాత్రం 52 అట్లనే ఉంటది. రెండు పిల్లర్లు (కొయ్యకుండ వదిలిన బొగ్గు స్తంభాలు) దాటితె స్లిప్పు అడ్డం వస్తది, బండే మారిపోతది. కడ్డీ ప్రతి షిఫ్ట్‌ల కొడుతం. మీ లెక్క ఏడాదికి ఎన్నిసార్లు కొడుతరు?

ఓసీ_డంపర్:
అన్నీ ఓపెన్‌కాస్టులు చేస్తే పోలా, పైకప్పే ఉండదు 😄

ఎనిమిదింక్లైన్_పోరడు:
2016 డిసెంబర్ల జార్ఖండ్ లాల్‌మటియా ఓపెన్‌కాస్టుల మట్టి కూలి 23 మంది పోయిన్రు. పైకప్పు లేకపోతె పక్క గోడ కూలుతది అన్నా.

ఫస్ట్‌క్లాస్_1987:
మొదటి ప్రశ్నే ఎవరూ అడగలేదు. ఆ 52 సర్దుబాటుకి ముందుదా, తర్వాతదా? కట్టింగ్ మిషన్ లేకుండా నేరుగా సాలిడ్ బ్లాస్టింగ్ చేస్తుంటే 0.9తో గుణించాలి. లోతు 250 మీటర్లు దాటితే ఇంకో 0.9. రెండూ వర్తిస్తే 52 కాస్తా 42.

రాతి_లెక్కలు:
ఫస్ట్‌క్లాస్ మేనేజర్ గారు అడిగింది చిన్న విషయం కాదు. గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లు, రాతి సాంద్రత 2.2 అనుకుంటే, ఆర్‌ఎంఆర్ 52కి బండ బరువు చదరపు మీటరుకి దాదాపు 2.9 టన్నులు. 42కి 4.6 టన్నులు. పది మార్కులు తగ్గితే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇది కూడా మామూలు గ్యాలరీకే, జంక్షన్‌కి సూత్రం వేరు. ఈ తేడాని ఏ కడ్డీ చెబుతుంది? "బోలుగా ఉంది" అనడం వేరు, ఎన్ని బోల్టులు కావాలో చెప్పడం వేరు.

మూడోషిఫ్ట్ గారూ, వానాకాలం మాట నిజమే, తడికి 20 మార్కులు పెట్టింది అందుకే. షిఫ్ట్ షిఫ్ట్‌కీ చూడటానికి టెల్‌టేల్స్ ఉన్నాయి, పొర ఎన్ని మిల్లీమీటర్లు జారిందో రంగు పట్టీల్లో కళ్ల ముందే కనబడుతుంది. చెవి అలిసిపోతుంది, మిల్లీమీటరు అలిసిపోదు.

మూడోషిఫ్ట్:
నా సవాలుకు జవాబు రాలే. ఏ గ్యాలరీల కొలిచిన్రు?

బొగ్గుపొడి:
వర్షంలో క్లే ఉబ్బడం నేనూ చూశా. సర్దార్‌కే నా ఓటు.

ఫస్ట్‌క్లాస్_1987:
ఓట్లతో ఆర్‌ఎంఆర్ మారదు. 0.9 వర్తిస్తుందా లేదా? కొత్తసర్దార్ ఇంకా జవాబివ్వలేదు.

మూడోషిఫ్ట్:
మిల్లీమీటరు అలిసిపోదంట! 2022 మార్చిల అడ్రియాల లాంగ్‌వాల్‌ల (పొడుగు బొగ్గు గోడను మిషన్‌తోని కోసే బాయిల) పైకప్పు కూలి ముగ్గురు పోయిన్రు. వాళ్లల్ల ఆఫీసర్లు సుత ఉన్నరు. గంత పెద్ద మిషన్లున్న బాయి అది. మీ పరికరాలు ఏం జేసినయి?

రాతి_లెక్కలు:
ఒక ప్రమాదం కారణాలు మన చేతిలో లేనప్పుడు దాన్ని వాదనకి వాడటం నాకు నచ్చదు. ఆ లెక్కన నేనూ అడగొచ్చు. 2003 అక్టోబర్‌లో గోదావరిఖని 8ఏ గనిలో బండ కూలి పదిమంది పోయారు. అప్పుడు కడ్డీలు లేవా?

మూడోషిఫ్ట్:
అంటె సర్దార్‌దే తప్పంటవా?

మేడం, ఇగ చెప్పాల్సిందే. రిటైరయినంక వేరే రాష్ట్రంల ఒక ప్రైవేటు బాయిల చేసిన. పేరు చెప్ప. రిపోర్టుల బండ "గుడ్" అని ఉన్నది. జంక్షన్ దగ్గర పొర వదులున్నది, ఇంకో వరస బోల్టులు కావాల్నని రిజిస్టర్ల రాసిన. మళ్ల రాసిన. బోల్టులు రాలే. బండ పడి ఒక సపోర్ట్‌మెన్ కాలు పోయింది. కంపెనీ ఎంక్వయిరీల మీలాంటోళ్ల రిపోర్టు టేబుల్ మీద పెట్టిన్రు. "బండ మంచిదే, సర్దార్ డ్రెస్సింగ్ (వదులు బండ రాల్చుడు) సరిగ చేయించలే" అన్నరు. చార్జిషీట్ నాకు. రిపోర్టు రాసినాయన ఆ గదికే రాలే, ఆయన పేరు సుత ఎవరు తియ్యలే.

లెక్క తప్పని నేను అంటలేను. రిపోర్టు కంపెనీది, షిఫ్ట్ రిజిస్టర్ల సంతకం నాది. బండ నిలిస్తె మీ లెక్క గొప్పది, పడితె నా కడ్డీ చెడ్డది. నా కొట్లాట గిదే.

బొగ్గుపొడి:
అసలు మాట ఇప్పుడొచ్చింది.

రాతి_లెక్కలు:
బాబాయ్, ఆ రిపోర్టు నాది కాదు. కానీ అలాంటివి నేనూ రాశాను, అవి ఏమయ్యాయో కూడా చూశాను.

గని యాజమాన్యమే మమ్మల్ని పిలుస్తుంది, ఫీజు కట్టేదీ అదే. ఏ గ్యాలరీలకి తీసుకెళ్లాలో వాళ్లే నిర్ణయిస్తారు, నడవడానికి వీలుగా ఉన్నవే చూపిస్తారు. ఒకచోట నాకు కూలిన జాగా చూపించమంటే "అక్కడ నీళ్లున్నాయి మేడం" అన్నారు. పొర మందం సరిగ్గా కనబడేది ఆ కూలిన చోటే! రిపోర్టు చివరి పేజీలో రాశాను: ఈ విలువ ఫలానా గ్యాలరీలకే, స్లిప్పు తగిలినా నీళ్లు వచ్చినా మళ్లీ కొలవాలి. తర్వాత వాళ్ల సపోర్ట్ ప్లాన్ చూస్తే అంకె ఒక్కటే ఉంది, షరతుల పేజీ లేదు.

అయినా అంకెను వదిలేసి కడ్డీకి వెనక్కి పోదామంటే ఒప్పుకోను. అంకె లేకపోతే మీరు అడిగిన ఇంకో వరస బోల్టులకి ఆధారం ఏది? "ముసలి సర్దార్ భయపడుతున్నాడు" అని నవ్వి పంపేస్తారు.

మూడోషిఫ్ట్:
అంకె ఉన్నంక సుత నవ్విన్రు కద.

క్వీన్స్‌లాండ్_మామ:
ఇక్కడ ఆస్ట్రేలియాలో లాంగ్‌వాల్‌లో చేస్తున్నాను. ట్రిగ్గర్ ప్లాన్ ఉంటుంది: పైకప్పు ఇన్ని మిల్లీమీటర్లు జారితే ఎవరు ఏం చేయాలి, ఎప్పుడు పని ఆపాలి అని ముందే రాసి గోడకి అంటిస్తారు. వాదించడానికి ఖాళీ ఉండదు. కార్మికులు ఎన్నుకున్న సేఫ్టీ ప్రతినిధికి కూడా పని ఆపించే హక్కు 1999 చట్టంలో ఉంది. అదీ ఊరికే రాలేదు. 1994లో మౌరా నంబర్ 2 గనిలో పేలుడుకి 11 మంది పోయాక వచ్చింది.

ఎనిమిదింక్లైన్_పోరడు:
మన దగ్గర సుత కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటడు మామా. రిజిస్టర్ల రాస్తడు. ఆ రిజిస్టర్ ఎవరు చదువుతరో దేవునికే ఎరుక.

ఫస్ట్‌క్లాస్_1987:
మేనేజర్లని రాక్షసుల్ని చేయకండి. 2017 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ వచ్చాక స్ట్రాటా మానిటరింగ్ ప్లాన్ (పైకప్పు కదలికల్ని గమనించే ప్లాన్) తప్పనిసరి. సంతకం మేనేజర్‌ది కూడా ఉంటుంది, కేసు మేనేజర్ మీద కూడా పడుతుంది. టార్గెట్ గురించి పైనుంచి వచ్చే ఫోన్ మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

మూడోషిఫ్ట్:
సార్, గీ మాట మొదలే చెప్తె అయిపోవు.

మేడం, సూటిగ అడుగుత. సపోర్ట్ ప్లాన్ మీద ఆ అంకె పక్కన మీ పేరు, కొలిచిన తేదీ, గ్యాలరీ నంబర్ రాస్తరా? బండ పడితె ఎంక్వయిరీకి వస్తరా?

రాతి_లెక్కలు:
పేరు, తేదీ, గ్యాలరీ రాయడానికి ఈ క్షణమే సిద్ధం. కాకపోతే కొలిచిన గ్యాలరీకే జవాబుదారీ, పక్క పిల్లర్‌కి కాదు. ఎంక్వయిరీకి పిలిస్తే వస్తాను. ఇంతవరకూ నన్నెవరూ పిలవలేదు.

మూడోషిఫ్ట్:
పక్క పిల్లర్‌కి కాదంటున్నవు. మరి పక్క పిల్లర్ కాడ బోల్టులు ఎవరి లెక్కతోని వేసిన్రు?

రాతి_లెక్కలు:
నా లెక్కతోనే. నన్ను అడక్కుండా.

ఫస్ట్‌క్లాస్_1987:
నిపుణుల్ని పిలవడం గురించి: ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేస్తే ఎవరినైనా పిలవొచ్చు. గని లోపల జరిపే ఎంక్వయిరీకి ఎవరిని పిలవాలన్నది యాజమాన్యం ఇష్టం.

మూడోషిఫ్ట్:
కోర్టు వెయ్యాల్నంటె ఎంతమంది పోవాలె సార్?

ఫస్ట్‌క్లాస్_1987:
చట్టంలో సంఖ్య లేదు. కేంద్ర ప్రభుత్వం అవసరమనుకుంటే వేస్తుంది.