నేర్చుకోకముందే పెళ్లి ఫోటోలకు డబ్బు తీసుకోవచ్చా?

కొత్త కెమెరా:
కెమెరా కొని ఎనిమిది నెలలైంది. దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే నా దగ్గరుంది. ఊళ్లో జాతర, కాలేజీ ఫెస్ట్ తీస్తే అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు స్నేహితుడి అక్క పెళ్లి వచ్చింది. స్టూడియోవాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, నువ్వే తియ్యి, 15 వేలు ఇస్తామంటున్నారు. నిజం చెప్పాలంటే మాన్యువల్ మోడ్ (వెలుతురు, షట్టర్ వేగం మనమే పెట్టుకునేది) ఇంకా పట్టుబడలేదు, చాలావరకు ఆటోలోనే తీస్తాను. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. డబ్బు తీసుకోవడం తప్పంటారా?

తెనాలి స్టూడియో:
తప్పే బాబూ. కోపంతో అనడం లేదు, ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

నేను నేర్చుకున్న రోజుల్లో యాషికా కెమెరాలో 120 ఫిల్ము రోలు వేస్తే పన్నెండు ఫోటోలు. ఒకటి పోతే ఆ డబ్బు మా గురువుగారి జేబులోంచి పోయినట్టే. రెండేళ్లు లైటు పట్టుకుని నిలబడ్డాను, డార్క్‌రూములో హైపో (ఫోటో చెరగకుండా నిలిపే మందు) కలిపాను, ఆ తర్వాతే కెమెరా చేతికిచ్చారు. ఇప్పుడు వెయ్యి తీస్తే వందైనా బాగుండకపోతాయా అన్న ధైర్యం వచ్చేసింది. ఆ వందలో మాంగల్యధారణ లేకపోతే?

పెళ్లి మండపం ఎలాంటిదో ఆలోచించు. వధూవరులు మధుపర్కాల్లో ఉంటారు, అంటే తెల్లబట్టలు. ఫ్రేమంతా తెలుపు కనబడితే ఆటోలో ఉన్న కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ముఖాలు నల్లబడతాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో వెలుతురు పెంచితే ముఖం నిండా ఇసుక చల్లినట్టు వస్తుంది. పైగా వెనక ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 1/100 దగ్గరో 1/50 దగ్గరో పెట్టకుండా 1/500లో కొడితే ఫోటోకి అడ్డంగా చారలు. హోమం పొగ సంగతి సరేసరి. ఇవేవీ తెలియకుండా ఒకరి ఇంటి పెళ్లి మీద ప్రయోగం చేస్తావా?

లెన్స్ అద్దెకు:
తెనాలి అన్నగారంటే గౌరవమే, కానీ ఒప్పుకోను. రెండేళ్లు జీతం లేకుండా లైటు పట్టుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? నాకు లేదు. నాన్న ఆటో నడిపేవారు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉందని తెలిసినా నాలుగేళ్లు చదివే వీలు లేదు. మొదటి పనికి 3 వేలు తీసుకున్నాను, అందులోంచే 50 ఎంఎం లెన్స్ రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. డబ్బు తీసుకోకపోతే ఆ లెన్స్ వచ్చేది కాదు, నేను నేర్చుకునేదీ కాదు.

రాజా దీన్ దయాళ్ కూడా మొదట ఫోటోగ్రాఫర్ కాదు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేస్తూ సరదాగా కెమెరా పట్టారు. తర్వాత ఆరవ నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యారు. మొదట్లో అందరూ కొత్తవాళ్లే.

తెనాలి స్టూడియో:
దీన్ దయాళ్ గారు నేర్చుకునేటప్పుడు ఉద్యోగం జీతంతో బతికారు తమ్ముడూ. నువ్వే నా మాట చెప్పావు.

అక్క పెళ్లిలో ఏడ్చినదాన్ని:
మీరిద్దరూ తీసేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. తీయించుకున్నవాళ్ల మాట కూడా వినండి.

మా అక్క పెళ్లికి తెలిసినవాళ్ల అబ్బాయిని పెట్టాం. ఆ రోజు మంచి ముహూర్తం, స్టూడియోలన్నీ నెలల ముందే బుక్కయిపోయాయి. మూఢం వెళ్లగానే పెళ్లిళ్లన్నీ ఒకేసారి మీద పడతాయి కదా, కెమెరా ఉన్న ప్రతివాడికీ పిలుపొస్తుంది. అబ్బాయి మంచివాడే, అడ్వాన్సుగా సగం ఇచ్చాం. జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీసే క్షణంలో అతను మెమరీ కార్డు మారుస్తున్నాడు. నిండిపోయిందట. తెర తీశాక వాళ్లిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్న చూపు మా ఆల్బమ్‌లో లేదు. మా నాన్నగారు ఆ తర్వాతి ఏడాదే పోయారు. కన్యాదానం ఫోటోల్లో ఆయన ముఖం మసకగా ఉంది, వెనకున్న అరటిచెట్టు మాత్రం స్పష్టంగా వచ్చింది.

మిగతా సగం డబ్బు కూడా ఇచ్చేశాం. గొడవ పడాలనిపించలేదు. అతను తక్కువ తీసుకున్నాడా ఎక్కువ తీసుకున్నాడా అన్నది మాకు ఎప్పుడూ సమస్య కాలేదు. నాకు ఇంకా సరిగ్గా రాదు అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, నగల్లో ఒకటి తగ్గించుకుని అయినా ఇంకొకరిని పెట్టుకునేవాళ్లం.

బారసాల ఫోటోలు:
చెల్లీ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

నేనూ పని రాకముందే డబ్బు తీసుకున్నదాన్నే. ఐదేళ్ల కిందట, వరంగల్‌లో. కానీ ఒక గీత గీసుకున్నాను: మళ్లీ తీయగలిగినవాటికే డబ్బు తీసుకుంటాను. పసిబిడ్డల ఫోటోలు, చీరలమ్మే అక్కల ఇన్‌స్టాగ్రామ్ పేజీకి చీరల ఫోటోలు, ఇంటి ముందు కుటుంబం ఫోటో. బాగా రాకపోతే మర్నాడు పొద్దున్నే ఎండ ముదరకముందు మళ్లీ వెళ్లి తీసేదాన్ని, పైసా అడక్కుండా. ఒక పాపకి మూడుసార్లు వెళ్లాను. షట్టర్ వేగం తగ్గితే చేతులు ఎందుకు మసకబారతాయో, కళ్ల మీద ఫోకస్ ఎలా నిలపాలో ఆ మూడు పొద్దుల్లోనే తెలిసింది. వాళ్లకి నష్టం లేదు, నాకు చదువు.

ముహూర్తం అలా కాదు. పంతులుగారు తాళి మళ్లీ కట్టించరు. అందుకే మొదటి రెండేళ్లు పెళ్లిళ్లకి రెండో కెమెరాగానే వెళ్లాను. స్టూడియోవాళ్లు ట్రెడిషనల్ (నిలబెట్టి తీసేవి, తంతు ఫోటోలు) తీస్తుంటే నేను పక్కనుంచి క్యాండిడ్ (వాళ్లకి తెలియకుండా తీసేవి). రోజుకి 2 వేలిచ్చేవారు. ఉచితంగా మాత్రం చేయలేదు, ఎవరినీ చేయమనను కూడా. లైటు పట్టినా అది పనే.

ఇంకొకటి. ఉచితంగా తీస్తే బాధ్యత లేదనుకుంటారు కొందరు. చట్టం అలాగే చూస్తుంది నిజమే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉచిత సేవలు రావు, డబ్బు తీసుకుంటే వస్తాయి. కానీ ఈ చెల్లి వాళ్ల నాన్నగారి ముఖం ఉచితంగా పోయినా పోయినట్టే కదా.

లెన్స్ అద్దెకు:
మళ్లీ తీయగలిగేవి, తీయలేనివి అన్న తేడా నాకెప్పుడూ తట్టలేదు. నా మొదటి 3 వేలు పుట్టినరోజు ఫంక్షన్‌వి. కేకు కోసింది సరిగా రాకపోతే ఇంకో ముక్క కోయించి తీశాను. అదే పెళ్లయి ఉంటే ఏం చేసేవాణ్ని?

అయినా తెనాలి అన్నా, మీ స్టూడియోలో రెండో కెమెరాకి ఇప్పుడెంత ఇస్తున్నారు?

తెనాలి స్టూడియో:
కొత్తవాళ్లకి భోజనం, బస్సు ఛార్జీ. ఇన్నాళ్లూ అదే పద్ధతి, మా గురువుగారూ అంతే. వరంగల్ అమ్మాయి రాసింది చదివాక, అది ఇంకా సరైనదేనని వాదించలేను. ఈ మాఘం నుంచి రోజుకూలి ఇస్తాను.

రేటు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. మా పట్టణంలో 15 వేలకి పెళ్లంతా తీస్తామనే పిల్లల వల్ల, ఆల్బమ్ షీట్లు, ఇద్దరు మనుషులు, రెండు కెమెరా బాడీలు, రెండు చోట్ల బ్యాకప్ పెట్టి పనిచేసేవాడు దొంగలా కనిపిస్తున్నాడు.

కొత్త కెమెరా:
అందరిదీ రెండుసార్లు చదివాను. నిన్న సాయంత్రం స్నేహితుడి ఇంటికి వెళ్లి, నాకు రాత్రి వెలుతురులో తీయడం రాదని వాళ్ల నాన్నగారికే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ముహూర్తం నుంచి తలంబ్రాల దాకా మూడు గంటల సేపటికి మాత్రం స్టూడియో మనిషిని మాట్లాడదాం, పెళ్లికొడుకుని చేయడం, విందు, బంధువుల ఫోటోలు నువ్వు తియ్యి, 5 వేలిస్తా అన్నారు. ఒప్పుకున్నాను.

బారసాల అక్కా, విందు హాల్లో ట్యూబ్‌లైట్లే ఉన్నాయి. నా లెన్స్ 55 దగ్గర ఎపర్చర్ (వెలుతురు వచ్చే కన్ను) 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, అంకె తగ్గితేనే కదా అది పెద్దదయ్యేది. 1.8 దాకా తెరుచుకునే లెన్స్ అద్దెకు తెస్తే సరిపోతుందా, ఫ్లాష్ కూడా కావాలా?

బారసాల ఫోటోలు:
1.8 తెచ్చుకో తమ్ముడూ, దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. కానీ వరుసగా నిలబడ్డ బంధువులకి 1.8లో పెట్టకు, ముందు వరుస తప్ప మిగతావాళ్లు మసకైపోతారు. 4 దగ్గర పెట్టి, ఫ్లాష్ తెల్లటి సీలింగు వైపు తిప్పి కొట్టు. ముందురోజు అదే హాల్లో, అదే సమయానికి ఒకసారి వెళ్లి తీసి చూడు. రెండో కార్డు చొక్కా జేబులో పెట్టుకో, బ్యాగులో వద్దు.