రెండేళ్లుగా విప్పని పేపర్ కట్ట: బొమ్మలు ఆపేసినవాళ్లు మళ్లీ ఎలా మొదలుపెట్టారు?

కొండాపూర్_కుంచె:
సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. కాలేజీలో ఉన్నప్పుడు వాటర్ కలర్స్ బాగానే వేసేవాణ్ణి. రెండేళ్ల కింద జీతం పెరిగిన సంతోషంలో ఇరవై షీట్ల కాటన్ పేపర్ కట్ట కొన్నాను. ఏ4 సైజు, 300 జీఎస్ఎం, అంటే బాగా మందమైనది. ఇప్పటికీ కవర్ విప్పలేదు, అటక మీద ఉంది. 'ఇంత ఖరీదైన పేపర్‌కి తగ్గ బొమ్మ నాకొస్తుందా' అని చెయ్యి వెనక్కి పోతుంది. టైం లేదని అందరికీ చెబుతాను గానీ, రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ చూస్తూనే ఉంటాను. ఇలా ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాగోల్_ప్యాసింజర్:
అన్నా, నాకు టైం మెట్రోలో దొరికింది. రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం. జేబులో పట్టే నోట్‌బుక్, ఒక బాల్ పెన్, అంతే. అందరూ ఫోన్‌లోకి తలవంచుకుని ఉంటారు కాబట్టి కదలరు, మనల్ని చూడరు కూడా. ఒక్కటే బాధ, పుస్తకం నిండా వంచిన మెడలే. అమీర్‌పేటలో జనం దిగిపోయేసరికి సగం బొమ్మలకు కాళ్లుండవు.

అత్తాపూర్_రంగులు:
నాది టైం సమస్య కాదు, సామాను సమస్య. రంగులు తీసి, నీళ్లు తెచ్చి, టేబుల్ మీద గుడ్డ పరిచేసరికి పాప లేచేది. ఇప్పుడు పాత పోపుల డబ్బాలో ఏడు గిన్నెల్లో ఏడు ట్యూబు రంగులు పిండి ఆరబెట్టాను. తడి బ్రష్ తగిలితే వాటర్ కలర్ మళ్లీ కరుగుతుంది కదా. డబ్బా ఫ్రిజ్ మీదే ఉంటుంది, కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఒక ఆకో, ఒక గిన్నో అయిపోతుంది. మా అత్తగారు ఒకసారి పసుపనుకుని చెంచా పెట్టారు, అది వేరే కథ.

మూసీ_ఒడ్డు:
నేను రిటైరయ్యాను. టైం బోలెడు, ఏం వేయాలో మాత్రం తోచేది కాదు. అందుకని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లడం మొదలుపెట్టాను. (శుక్రవారం సెలవు, తెలియక రెండుసార్లు గేటు చూసి వచ్చాను.) ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి విగ్రహం ముందు పది నిమిషాలు నిలబడటం, ఇంటికొచ్చి గుర్తున్నంత వేయడం. మొదటిసారి ముసుగు దోమతెరలా వచ్చింది. మళ్లీ వెళ్లి చూస్తే, నేను చూశాననుకున్న మడతల్లో సగం నా ఊహే. ఆరుసార్లు అదే వేశాను. తోట వైకుంఠం గారు దశాబ్దాలుగా తెలంగాణ పల్లె ఆడవాళ్లనే వేస్తున్నారు, ఆయనకు విసుగు రాలేదు. మనకు ఆరుసార్లకేం?

సగం_గీత:
వైకుంఠం గారితో మనకు పోలికేంటి సార్! ఆయనకది జీవితం, మనకు ఆదివారం. కుంచె భయ్యా, ఆ కట్ట ఎవరికైనా అమ్మేయ్. నేను ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర సగం రాసేసిన లెక్కల పుస్తకం ఒకటి కొన్నాను. ఎవరో అప్పులు రాసుకున్న పేజీ మీద గీస్తే, పాడవుతుందన్న భయం ఎక్కడుంటుంది?

చిత్తు_కాగితం:
ఇంకుకి అది సరే. వాటర్ కలర్‌కి కుదరదు. పదేళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నాను, చూసి చూసి చెబుతున్నా. చవక పేపర్ మీద వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పల్చటి రంగు) చారలు చారలుగా ఆరుతుంది, రెండోసారి బ్రష్ తిప్పితే పొట్టు లేస్తుంది. తప్పు పేపర్‌ది, తిట్టుకునేది మాత్రం మన చేతిని. అలా మానేసినవాళ్లు నాకు తెలుసు. మంచి పేపర్‌నే చిన్నగా కోయండి. ఏ4ని నాలుగు చేస్తే పోస్టుకార్డంత ముక్కలు. వెనకవైపు కూడా పనికొస్తుంది. ఇరవై షీట్లంటే నూట అరవై బొమ్మలు, అందులో నూరు పాడైనా ఏం కాదు.

ముందు ఆ కట్టను అటక మీంచి దించండి. తేమ తగిలితే పేపర్‌లోని సైజింగ్ (రంగు వెంటనే ఇంకిపోకుండా పట్టించే జిగురు) దెబ్బతింటుంది. అప్పుడది అద్దుడు కాగితంలా రంగును పీల్చేస్తుంది.

సగం_గీత:
సరే, వాటర్ కలర్ వరకు ఒప్పుకుంటా. లెక్కల పుస్తకం మాత్రం వదలను.

చందానగర్_చుక్క:
నన్ను ఆపింది చుట్టాలు. 'బొమ్మలేస్తావట కదా, మా పెళ్లిరోజు ఫోటో చూసి వేసిపెట్టు' అన్నారు. నెల రోజులు కూర్చుని వేస్తే ముక్కు బాలేదన్నారు. ఏడాది బ్రష్ ముట్టలేదు. ఇప్పుడెవరడిగినా మనుషుల బొమ్మలు రావని చెప్పేస్తాను. నిజంగానే రావు లెండి.

కొండాపూర్_కుంచె:
తొమ్మిది రోజులైంది, చెబుదామని వచ్చాను. కట్ట దించాను. చిత్తు_కాగితం గారు అన్నట్టే పైన ఆరు షీట్లు పోయాయి. నీలం వాష్ వేస్తే ఉప్పు చల్లినట్టు మచ్చలు. పాడవుతుందని దాచాను, దాచడం వల్లే పాడైంది. మా ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ ఆరూ పిల్లల క్రేయాన్లకు ఇచ్చేశాను. మిగతావి ముక్కలు కోసి టీవీ పక్కన పెట్టాను. ఇప్పటికి ఐదు బొమ్మలు, అన్నీ బాల్కనీలోంచి కనిపించే నీళ్ల ట్యాంకులే. రెండు ఫర్వాలేదు. అత్తాపూర్ గారూ, పోపుల డబ్బా స్టీలుదేనా?

అత్తాపూర్_రంగులు:
స్టీలుదే. కానీ దానిమీద రంగు పరుచుకోదు, బొట్లు బొట్లుగా నిలుస్తుంది. కలపడానికి పక్కన తెల్ల పింగాణీ సాసరు పెట్టుకోండి. రంగులు పూర్తిగా ఆరేదాకా మూత పెట్టకండి, బూజు పడుతుంది. పోయిన జులైలో మా ఆకుపచ్చ అలాగే పోయింది.