మగ్గం నేర్చుకోవాలంటే: రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోతుందా?

కూకట్‌పల్లి కావ్య
అందరికీ నమస్తే. రెండు నెలల క్రితం ఒక వీకెండ్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఫీజు 3,500. బల్ల మీద పెట్టుకునే చిన్న మగ్గం మీద రెండు రోజుల్లో జానెడు గుడ్డ నేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ పొంగిపోయాను. ఆ ఊపులోనే చిన్న మగ్గం, 2/20 కౌంట్ (పోగు మందం) నూలు కొనేశాను. తువ్వాలు నేద్దామని 20 అంగుళాల వెడల్పు, అంగుళానికి 24 పోగులు, మొత్తం 480 అని లెక్క వేసుకున్నాను. కుర్చీల కాళ్లకు చుట్టి పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులు, తయారుచేశాను. తీసి మగ్గం దగ్గరికి తెచ్చేసరికి అది పడుగు కాదు, పిచ్చుక గూడు. వర్క్‌షాప్‌లో పడుగు ముందే ఎక్కించి పెట్టారని అప్పుడు అర్థమైంది! మొదటి నుంచి నేర్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఉద్యోగం ఉంది, ఆదివారాలు మాత్రమే కుదురుతుంది.

జాండ్రపేట నేతగాడు
నవ్వొచ్చింది, ఏమనుకోకు తల్లీ. నీకు నేర్పింది పెళ్లిలో భోజనం చేయడం. వంట సంగతి వాళ్లు చెప్పలేదు. నాడె, అంటే అడ్డం దారాన్ని అటూ ఇటూ మోసే చెక్క ముక్క, ఆడించడం మా పిల్లలు సెలవుల్లో సరదాగా నేర్చుకుంటారు. పని అంతా అంతకు ముందే ఉంటుంది. చిలపలుగా, అంటే చుట్టలుగా వచ్చిన నూలు విప్పాలి, రాట్నం మీద చిన్న గొట్టాలకి కండెలుగా చుట్టాలి, పడుగు చేయాలి, గంజి పట్టించి ఆరబెట్టాలి, ఆ తర్వాత అచ్చు అతకాలి. అచ్చు అతకడం అంటే అయిపోయిన పడుగు చివర పోగుకి కొత్త పడుగు పోగును కలపడం. బొటనవేలికి, చూపుడువేలికి కాస్త బూడిద రాసుకుని రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పాలి. ముడి వేస్తే దువ్వెనలాంటి అచ్చు సందుల్లో దూరదు. 47 అంగుళాల పన్నాకి (వెడల్పుకి) అంగుళానికి 80 పోగులు వేసుకుంటే 3,760 మెలికలు. మా ఆవిడ నాకంటే వేగంగా చేస్తుంది. నేను మధ్యలో టీకి లేస్తాను, ఆమె లేవదు.

న్యూజెర్సీ సుజాత
కావ్యా, నీ పిచ్చుక గూడుకి కారణం నాకు తెలుసు, నేనూ ఆ గూట్లో చిక్కుకున్నదాన్నే. ఇక్కడ మా ఊరి వీవర్స్ గిల్డ్‌లో ఆరు వారాల క్లాసుకి వెళ్లాను. మొదటి రెండు వారాలు నాడె ముట్టుకోనివ్వలేదు. పడుగు చుట్టేటప్పుడు ఒక చోట పోగులు ఎనిమిది అంకెలాగా ఒకదాన్నొకటి దాటుతూ రావాలి. ఒక పోగు పైనుంచి, పక్కది కిందినుంచి. ఆ దాటే చోటును వేరే రంగు దారంతో నాలుగు వైపులా కట్టాకే పడుగు తీయాలి. అది కట్టి ఉంటే మిగతాది ఎంత చిక్కుపడినా పోగుల వరస చెడదు. కట్టకుండా తీశావంటే ఇక దేవుడే దిక్కు. కుర్చీ కాళ్లు తప్పేం కాదు, నా మొదటి పడుగూ వాటి మీదే.

తమాషా ఏంటంటే, మా అమ్మమ్మది మంగళగిరి. వాళ్ల వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు వినేదాన్ని. అక్కడ ఒక్కసారీ కూర్చోని నేను ఇక్కడ డాలర్లు కట్టి నేర్చుకున్నాను.

పుట్టపాక పిల్లోడు
కావ్యక్కా, ఒక్క మాట. ఎక్కడ నేర్చుకున్నా సరే, ఇక్కత్‌తో, అంటే నూలుకి ముందే కట్లు కట్టి రంగు వేసి నేసే పనితో మాత్రం మొదలుపెట్టకు. పోయినేడు సిటీ నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చి, పది రోజుల్లో డబుల్ ఇక్కత్ నేర్పమన్నాడు. మా నాయన ఏమీ అనలేదు, చేతికి రబ్బరు పట్టీలిచ్చి చిటికీలు కట్టమన్నాడు. సైకిల్ ట్యూబు సన్నగా కోసిన పట్టీలు. ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ నూలుకి బిగించి చుట్టాలి. నాలుగో రోజుకి ఆయన వేళ్లు వాచిపోయినయి. డబుల్ ఇక్కత్‌లో పడుగుకీ కట్టాలి, పేకకీ, అంటే అడ్డం పోగులకీ కట్టాలి, నేసేటప్పుడు రెండూ ఒకచోట కలవాలి. ఒక్క పోగు జరిగిందంటే చిలక ముక్కు తోక దగ్గరకు పోతది.

ఆసు సంగతి చెప్పనే లేదు. పేక నూలును మేకుల చుట్టూ తిప్పుకుంటూ పోయాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఇటూ అటూ ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిండు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ మాత్రం ఇప్పటికీ చేతితోనే పోస్తది, యంత్రం కొనమంటే వద్దంటది. అది వేరే గొడవ.

జాండ్రపేట నేతగాడు
తమ్ముడూ, మీ తేలియా రుమాలు మా చీరాల వైపు కూడా నేసేవారు, అరబ్బు దేశాలకి వెళ్లేవి. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారట. ఇప్పుడు ఆ పేరు మీది.

పుట్టపాక పిల్లోడు
పేరు మాదే కాదన్నా, 2020లో జీఐ (ఊరి పేరిట ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. 😄 ఆ నూనె వాసన గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా పోదు.

వెంకటగిరి వాసు
కొత్తవాళ్ల గురించి అందరూ చెప్పారు. అనుభవం ఉన్న నేతన్నల శిక్షణ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నా గోడు వినండి. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సంస్థలో మూడేళ్ల డిప్లొమా చేశాను, ఇంట్లో మగ్గం కూడా ఉంది. ఒకసారి ఒకచోట అనుభవజ్ఞుల శిక్షణ అని పిలిచారు. ఇరవై మందిమి వెళ్లాం, అందులో అరవై దాటిన పెద్దాయన ఒకాయన. మొదటి మూడు రోజులూ పడుగంటే ఏమిటి, పేకంటే ఏమిటి అని బోర్డు మీద బొమ్మలు. పెద్దాయన రెండో రోజే కునుకు తీశారు. చెప్పే కుర్రాడికి తెగిన పోగు అతకడం రాదు.

నిజంగా పనికొచ్చింది వేరే చోట దొరికింది, రంగుల క్లాసు. మేము రంగు ఎప్పుడూ కంటిచూపుతోనే కలిపేవాళ్లం. అక్కడ నూలును తూకం వేసి, దానికి ఇంత శాతం రంగు, ఇంత ఉప్పు, ఇంత వేడి అని పుస్తకంలో రాయించారు. ఆ తర్వాత ఆరు నెలలకి అదే నీలం మళ్లీ అడిగిన బేరానికి మొదటిసారి అచ్చం అదే నీలం ఇవ్వగలిగాను. రెండోది డాబీ (నేతలో చిన్న చిన్న డిజైన్లు తెచ్చే అమరిక), గ్రాఫ్ కాగితం మీద డిజైన్ వేయడం. అనుభవం ఉన్నవాళ్లకి కావలసింది ఇవీ, ధర కట్టడమూ. మా వాళ్లు నూలు ఖర్చు లెక్కేస్తారు, ఇంట్లో ఆడవాళ్ల కండెల కూలి మాత్రం లెక్కలోకి రాదు.

హైదరాబాద్, విజయవాడల్లో వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి, కేంద్ర జౌళి శాఖవి. రంగులు, డిజైన్, నేత శిక్షణ గురించి అక్కడ అడగొచ్చు. ముందు ఫోన్ చేసి, ఆ బ్యాచ్ ఎవరి కోసమో గట్టిగా కనుక్కోండి.

సోమవారం సుబ్బు
నేతన్నలే మగ్గాలు అటకెక్కించి వాచ్‌మన్ ఉద్యోగాలకి వెళ్తుంటే ఐటీ వాళ్లకి ఇదో హాబీ.

మంగళగిరి పద్మ
సుబ్బు గారూ, అది నిజమే, కాదనను. కానీ నేర్చుకునేవాళ్ల మీద పడితే ఏం లాభం? నేను 34 ఏళ్లకి మగ్గం ఎక్కాను. అప్పటిదాకా పదహారేళ్లు కండెలే చుట్టాను, ఎవరూ నన్ను నేతగత్తె అనలేదు. మావారికి నడుం పట్టేసి మగ్గం ఆగితే, నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దిగి కూర్చున్నాను. మా మంగళగిరి చీరల నిజాం అంచు దగ్గర మొదటి నెలంతా ఏడిపించింది. మా అత్తగారు వెనక నిలబడి ఒక్క ముక్క చెప్పేది కాదు. తప్పు నేస్తే మాత్రం దగ్గేది.

కావ్యా, నీకు నేను చెప్పేది ఒకటే. నేతగాళ్ల ఇంట్లో నేర్చుకో, కానీ మొహమాటం లేకుండా డబ్బు మాట్లాడుకో. నీకు నేర్పే రోజు ఆ మగ్గం ఆగిపోతుంది, ఆ రోజు కూలి పోతుంది. చాలామంది వచ్చి ఫోటోలు తీసుకుని, స్వీట్ ప్యాకెట్ పెట్టి వెళ్తారు. పోయిన కూలికి పైన నేర్పినందుకు ఇంకొంత కలిపి ఇవ్వు. ఇంకోటి, నడివేసవి మధ్యాహ్నాలు పెట్టుకోకు. గాలి పొడిబారితే పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. గుంట మగ్గానికి నేల చెమ్మ కాస్త సాయం చేస్తుంది, అదే వానాకాలం గుంటలోకి నీళ్లొస్తే పనే ఉండదు. దసరా తర్వాత మొదలుపెట్టడం మేలు.

కూకట్‌పల్లి కావ్య
(మూడు నెలల తర్వాత) పద్మక్కా, వాసు గారూ, అందరికీ థ్యాంక్స్. పోచంపల్లి వైపు ఒక ఇంట్లో కుదిరింది. ఎనిమిది ఆదివారాలు వెళ్లాను. ముందే కూలి మాట్లాడుకున్నాం, ఆయనకి నాకంటే ఎక్కువ మొహమాటం. మొదటి మూడు ఆదివారాలూ చిలప విప్పడం, కండెలు, అంతే. నేను చుట్టిన కండె మధ్యలో ఉబ్బి నాడెలో పట్టలేదు, వాళ్ల ఎనిమిదేళ్ల పాప తీసుకుని మళ్లీ చుట్టి ఇచ్చింది. సిగ్గేసింది.

ఇంటి మగ్గం మీద 480 పోగులూ ఈసారి వరసగా ఎక్కాయి. సుజాత గారూ, ఎర్ర దారంతో కట్టాను! తువ్వాలు కూడా అయింది. కానీ 20 అంగుళాలతో మొదలైంది చివరికి 17న్నరకి వచ్చింది, కుండ మూతిలాగా. అంచు పోగులు కూడా నాలుగు తెగాయి. ఎందుకు?

జాండ్రపేట నేతగాడు
పేక బిగించి లాగుతున్నావు తల్లీ. నాడె అవతలికి వచ్చాక దారాన్ని తిన్నగా లాగకు, కొంచెం ఏటవాలుగా వదిలి అప్పుడు పలక (అచ్చు ఉన్న చట్రం) కొట్టు. గుడ్డ అడుగున అడ్డంగా ఒక కర్ర, రెండు కొసలకీ గుండుసూదులు, వెడల్పు ఎప్పుడూ 20 ఉండేలా సాగదీసి గుచ్చు. రెండు అంగుళాలు నేసినప్పుడల్లా ముందుకు జరుపుతూ ఉండు. అంచున మొదటి నాలుగు పోగులూ జంటగా వేసుకో.

కూకట్‌పల్లి కావ్య
జంటగా అంటే రెండు పోగులు అచ్చులో ఒకే కంతలోనా, పక్కపక్క కంతల్లోనా?

జాండ్రపేట నేతగాడు
ఒకే కంతలో.