పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను, నెట్ రావట్లేదు

మిర్యాలగూడ పోరడు:
అన్నా, మా రైస్ మిల్లు ఆఫీసులో మూలకు పడేసిన డెస్క్‌టాప్‌ను రౌటర్ చేద్దామని, రౌటర్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్స్86-64 ఇమేజ్‌ను (మామూలు పీసీలకు పనికొచ్చే ఫైలు) పెన్‌డ్రైవ్‌లోకి రాసి బూట్ చేశాను. నల్ల స్క్రీన్ మీద ఎంటర్ కొడితే ప్రాంప్ట్ వచ్చింది, అంతవరకు సంబురమే. ఫైబర్ మోడెమ్ వైరు పెడితే మాత్రం నెట్ లేదు. ఉన్నది ఒక్కటే పోర్టు.

పాలమూరు వైర్‌మ్యాన్:
తమ్మీ, అక్కడే తిరకాసు. ఒక్క పోర్టే ఉంటే దాన్ని లాన్ (మన ఆఫీసు కంప్యూటర్ల వైపు) కింద లెక్కేస్తుంది, వాన్‌కు (బయటి నెట్ వైపు) రెండోది కావాలి. డబ్బా లోపల స్లాట్‌లో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్‌వర్క్ కార్డు వేసుకో. యూఎస్‌బీ అడాప్టర్ అయితే డ్రైవర్ ప్యాకేజీ విడిగా ఎక్కించాల్సి రావచ్చు, నెట్ లేకుండా అదో టెన్షన్.

దేవరకొండ అక్క:
మోడెమ్ అడ్రస్ కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాగే 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుంటాయి, నాకు దీనివల్ల ఆదివారమంతా పోయింది. లాన్‌ను 192.168.2.1కి మార్చు. రూట్‌కు (అన్ని అధికారాలుండే ఖాతా) మొదట్లో పాస్‌వర్డ్ ఉండదు, వెంటనే పెట్టుకో.

మిర్యాలగూడ పోరడు:
కార్డు వేసి అడ్రస్ మార్చాను, వచ్చింది అక్కా! వైఫైకి పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే పని) ఆపేసి దాని లాన్ పోర్టుకు వైరు ఇచ్చాను. ఇక రాత్రీ పగలూ నడిచే ఈ డబ్బాకు కరెంటు బిల్లు చూసి నాన్న ఏమంటాడో.