బ్రాడీపేటలో రెస్టారెంట్ ఓపెనింగ్‌కి లయన్ డ్యాన్స్: ఆకు తినే ఘట్టంలో సందేహాలు

గుంటూరు కుర్రాడు:
అన్నలూ, 2027 ఫిబ్రవరి 6, చైనా కొత్త సంవత్సరం రోజున ఓపెనింగ్. దక్షిణ చైనా రకం సింహం వేషం ఒకటి తెప్పించాం. లోపల ఇద్దరు, డ్రమ్ముకి ఒకరు, గంటకి ఒకరు, తాళాలకి ఇద్దరు. గుమ్మానికి లెట్యూస్ బదులు క్యాబేజీ కట్టొచ్చా? ఇంకోటి, ఎంత ఆడినా సింహంలా లేదు, దుప్పటి కప్పుకుని ఇద్దరు నడుస్తున్నట్టుంది. తప్పు ఎక్కడ?

కృష్ణలంక:
క్యాబేజీ వద్దు తమ్ముడూ. కాంటనీస్‌లో లెట్యూస్ పేరు పలికితే ‘డబ్బు పుట్టడం’ అన్నట్టే వినిపిస్తుంది. ఆ ఆకు కట్టేది అందుకే. పైగా క్యాబేజీ ఆకు బిగువు, తల లోపల ఒక్క చేత్తో చీల్చలేరు. విడి ఆకుల లెట్యూస్ తీసుకుని, దాని మొదలును ముందే సగానికి కోసి, డబ్బు పెట్టిన ఎర్ర కవరుతో కలిపి నూలు దారంతో కట్టండి. నైలాన్ అయితే తెగదు; గుంజితే తల చట్రం వంకరపోతుంది.

సింహం ఆకు చూడగానే మింగెయ్యకూడదు. దూరం నుంచి చూడాలి, దగ్గరికొచ్చి వాసన చూడాలి, బెదిరి వెనక్కి దూకాలి. మూడుసార్లు అలా అయ్యాకే నోట పట్టాలి. నమిలి ఎడమకి, కుడికి, మధ్యకి ఆకులు చిమ్మాలి. కవరు మాత్రం లోపలే ఉండిపోవాలి. చివర్లో మూడు వంగి దండాలు.

డప్పు దరువు:
మీ రెండో సందేహానికి జవాబు వెనకవాడి నడుములో ఉంది. అలిసిపోయి లేచాడంటే సింహానికి ఒంగోలు గిత్త మూపురం వస్తుంది. తుంటి దగ్గర వంగి, వీపు బల్లపరుపుగా ఉంచి, ముందువాడి నడుంపట్టీ రెండు వైపులా పట్టుకోవాలి. ఇద్దరి అడుగులూ ఒకేసారి పడాలి.

తల ఊపడం తగ్గించండి. నడక ఆపి, రెప్ప ఒకసారి వాల్చి, చెవి అదిలించి, మెల్లగా తల తిప్పితే చిన్నపిల్లలు అమ్మ చాటుకి వెళ్తారు. నా లెక్కలో అసలు ఆటంతా అక్కడే. రెప్పల దారం వదులైతే ఒక కన్ను మూసుకుని రెండోది తెరిచే ఉంటుంది. బయల్దేరే ముందు లాగి చూసుకోండి.

ఇక వాద్యం. పులివేషగాడు డప్పు దరువు పట్టుకుని అడుగేస్తాడు. ఇక్కడ డ్రమ్ము వాయించేవాడే సింహాన్ని చూస్తూ వాయించాలి. అది వాసన చూస్తుంటే డ్రమ్ము అంచు మీద సన్నగా, దూకితే నడిమధ్యన గట్టిగా. అతనికి సింహం కనిపించకుండా జనం అడ్డం నిలబడితే అంతా చెడుతుంది.

గవర్నర్‌పేట:
హాల్లో సీలింగ్ ఫ్యాన్లన్నీ ఆపించండి. ముందువాడు వెనకవాడి తొడల మీద నిలబడితే సింహం కొమ్ము నేరుగా రెక్కల్లోకి వెళ్తుంది. ఆకు ఎత్తు కూడా తల పెట్టుకుని, తొడల మీద నిలబడే కొలవండి. టైల్స్ మీద నీళ్లు చల్లి ముగ్గు వేస్తారు కదా, దాని మీద ఎక్కొద్దు. రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి. టపాకాయలు పక్కన కాల్చనివ్వకండి, బొచ్చు ఇట్టే అంటుకుంటుంది.

కొత్త సింహం కాబట్టి ముందు కళ్లకు ఎర్ర రంగు చుక్క పెట్టించాలండీ. మన విగ్రహాలకు నేత్రోన్మీలనం లాంటిదే. అప్పటిదాకా సింహం తల దించుకుని నిద్రపోతున్నట్టే ఉండాలి, డ్రమ్ము మోగకూడదు.